నాలుగున్నర వేల బోర్డు మీద నా విమానం

బయోస్ అప్‌డేట్ 64 శాతం దగ్గర ఉంది. 'కంప్యూటర్ ఆపొద్దు' అని స్క్రీన్ మీద ఎర్రగా హెచ్చరిక. నేను ఆపలేదు. కరెంటు ఆగింది.

యూపీఎస్ వైపు చూశాను. ఒక్క కూత కూసి అదీ ఆగిపోయింది.

సందు చివర తీగల మీద కొబ్బరి మట్ట పడిందట. ఎవరి తోటదో తెలీదు. "మనది మాత్రం కాదు" అని నాన్న ఎవరూ అడక్కముందే చెప్పేశారు.

గంట తర్వాత కరెంటొచ్చింది. ఇంట్లో ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్ మూలిగింది. నా కంప్యూటర్లో కూడా లైట్లు వెలిగాయి, లోపలి ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. పదిసార్లు ఆపి, పదిసార్లు వేశాను. అంతే.

"ఏమైందిరా?" అన్నారు నాన్న.

"మదర్‌బోర్డు పోయింది నాన్నా."

"ఎంతేంటి అది?"

"నాలుగున్నర వేలు."

"ఓస్, అంతేనా" అని తోటలోకి వెళ్లిపోయారు.

అంతే కాదు. ఐదేళ్లలో ఆ నాలుగున్నర వేల బోర్డు చుట్టూ నేను పెట్టింది లక్ష దాటింది. ఆ లెక్క అప్పటికి నాన్నకి చెప్పలేదు. ముందు మీకు చెబుతాను. మీలో ఎవరైనా ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం పీసీ కొనాలనో, ఉన్నదాన్ని అప్‌గ్రేడ్ చేయాలనో చూస్తుంటే నాకు పోయిన డబ్బులు మీకు మిగలొచ్చు.

అసలు ఈ పిచ్చి ఎక్కడిది?

మాది రాజోలు దగ్గర, వశిష్ఠ గోదావరికి పక్కనే ఒక ఊరు. ఎకరంన్నర కొబ్బరి తోట. ఇంటర్ ఎంపీసీ అయ్యాక అందరూ ఎంసెట్ ర్యాంకులు చూసుకుంటుంటే నేను పైలట్ శిక్షణ ఫీజులు చూసుకునేవాణ్ని. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్ రావాలంటే 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఆ గంటలకీ, పరీక్షలకీ, హాస్టల్‌కీ అన్నీ కలిపితే అర కోటికి అటూ ఇటూ. మా ఇంట్లో అంత విలువ చేసేది తోట ఒక్కటే.

అమ్మెయ్యమని అడిగాను. 2014లో. పదిహేడేళ్ల వాడికి ఎంత సులువో అంత సులువుగా అడిగేశాను.

నాన్న కాదనలేదు, ఔననలేదు. చీకటి పడేదాకా తోటలోనే ఉండి, వచ్చి అన్నం తింటూ, "ఇంజినీరింగ్ చెయ్యరా, తర్వాత చూద్దాం" అన్నారు. మా ఇంట్లో 'తర్వాత చూద్దాం' అంటే వద్దని.

డబ్బు ఒక్కటే కారణం కాదని కూడా నాకు తెలుసు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయారు. మా ప్రాంతం మనిషి, మా అమలాపురం ఎంపీ. అప్పటికి నాకు ఐదేళ్లు. టీవీ ముందు నాన్న చొక్కా లేకుండా అలాగే నిలబడిపోవడం నాకు గుర్తున్న మొదటి విషయాల్లో ఒకటి. ఆ తర్వాత ఆకాశంలో ఏ హెలికాప్టర్ చప్పుడు వినిపించినా, "గాల్లో తిరగడం మనకొద్దు" అనేవారు, ఎవరో ఎక్కమన్నట్టు.

సరే, ఇంజినీరింగ్ చేశాను. 2018లో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. 2019లో దాచుకున్న డబ్బుతో సికింద్రాబాద్ వెళ్లి మొదటి డెస్క్‌టాప్ కట్టించుకున్నాను. ఆఫీసు పనికి అని ఇంట్లో చెప్పాను. అసలు పని ఎక్స్‌ప్లేన్ 11.

మొదటి తప్పు: కనిపించని దాని దగ్గర మిగిల్చాను

పార్ట్స్ కొనేటప్పుడు అందరం ఒకేలా ఆలోచిస్తాం. ప్రాసెసర్‌కి పేరుంది, గ్రాఫిక్స్ కార్డుకి రంగుల పెట్టె ఉంది. మదర్‌బోర్డు? అదొక పచ్చ అట్టో నల్ల అట్టో. పెట్టె మూశాక కనిపించదు. 'అది ఏదైనా ఒకటే కదా, అక్కడ తగ్గిద్దాం' అనుకుంటాం.

నేనూ తగ్గించాను. రైజెన్ 5 2600 ప్రాసెసర్ తీసుకుని, దాని కిందకి ఏ320 చిప్‌సెట్ బోర్డు నాలుగున్నర వేలకి కొన్నాను. పక్కనే బీ450 బోర్డు ఏడు వేలకి ఉంది. రెండున్నర వేలు మిగిలాయని ఆ రోజు పారడైజ్‌లో బిర్యానీ కూడా తిన్నాను.

ఆ రెండున్నర వేలకి నేను ఏం వదులుకున్నానో తెలియడానికి ఏడాది పట్టింది. నా బోర్డులో ర్యామ్ స్లాట్లు రెండే. రెండింట్లో చెరో 4 జీబీ. ర్యామ్ పెంచాలంటే ఉన్నవి తీసి పారేసి కొత్తవి కొనాలి. ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ ఒక్కటే. వెనకాల యూఎస్‌బీ పోర్టులు ఆరు. కీబోర్డు, మౌస్, వైఫై, హెడ్‌సెట్ పోను జాయ్‌స్టిక్‌కీ థ్రాటిల్‌కీ చెరొకటి మిగిలాయి. రడ్డర్ పెడల్స్‌కి చోటు లేదు.

అప్పటికింకా నష్టం తెలియలేదు. ఎక్స్‌ప్లేన్ బాగానే నడిచింది. నేనూ బాగానే ఎగిరాను.

రెండో తప్పు: కొలవకుండా కొన్నాను

2020 మార్చిలో లాక్‌డౌన్. డెస్క్‌టాప్‌ని దుప్పట్లో చుట్టి ఊరికి తెచ్చేశాను. ఆగస్టు 18న మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది. అది ప్రపంచం మొత్తాన్నీ బింగ్ మ్యాప్స్ శాటిలైట్ ఫొటోల నుంచి ఇంటర్నెట్ ద్వారా తెచ్చి చూపిస్తుంది. అంటే మొదటిసారి నేను మా ఊరి మీద ఎగరొచ్చు.

రాజమండ్రి మధురపూడి నుంచి సెస్నా 172 లేపి, ఎడమకి తిరిగి దక్షిణానికి పట్టుకుంటే చాలు. ముందు ధవళేశ్వరం. అక్కడ గోదావరి చీలుతుంది, ఎడమ గౌతమి, కుడి వశిష్ఠ. ఇంకా కిందకి వెళ్తే పి.గన్నవరం, వైనతేయ విడిపోయే చోటు. అరగంటలోపు అంతర్వేది, ఆ తర్వాత సముద్రం. నేను కాలవగట్ల మీద సైకిలు తొక్కిన ఊళ్లన్నీ కింద అరచేతిలో రేఖల్లా కనిపించాయి. మొదటి రోజు తెల్లారి మూడింటిదాకా పడుకోలేదు.

కానీ శంషాబాద్‌లో దిగాలంటే నరకం. అక్కడికి దగ్గరపడే కొద్దీ బొమ్మ ముక్కలు ముక్కలుగా ఆగి ఆగి వచ్చేది. ముందు ర్యామ్ అనుకున్నాను. పాత రెండూ తీసి 8 జీబీవి రెండు వేశాను. కొంచెం నయం. మిగతాది గ్రాఫిక్స్ కార్డు వల్లేనని నిర్ణయించేసుకున్నాను. ఎవరినీ అడగలేదు, ఏమీ కొలవలేదు. గేమ్ అంటే గ్రాఫిక్స్, గ్రాఫిక్స్ అంటే గ్రాఫిక్స్ కార్డు. అంతకంటే ఆలోచించలేదు.

అది 2021. క్రిప్టో మైనింగ్ వాళ్లు కార్డులన్నీ ఎగరేసుకుపోతున్న రోజులు. ఆర్టీఎక్స్ 3060 కార్డుకి 52 వేలు పెట్టాను.

అదే నెలలో నాన్న, "వానలు పడకముందే కప్పు పెంకులు మార్పించాలి. ఓ ముప్ఫై వేలు సర్దగలవా?" అని అడిగారు.

"వచ్చే నెల చూద్దాం నాన్నా" అన్నాను. 'చూద్దాం' అనడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత కొరియర్ వచ్చింది. పెట్టె చూసి ఎంత అన్నారు. పదిహేను వేలన్నాను.

ఆ కార్డు పెట్టాక శంషాబాద్‌లో 21 ఎఫ్‌పీఎస్ కాస్తా 23 అయింది. 52 వేలకి రెండు ఫ్రేములు.

జులైలో ఒక రాత్రి పెద్ద వాన. మెలకువ వచ్చేసరికి కప్పు నాలుగు చోట్ల కారుతోంది. నా కంప్యూటర్ మీద టార్పాలిన్ కప్పి ఉంది. దాన్ని గోడ వైపుకి జరిపి కింద రెండు ఇటుకలు కూడా పెట్టి ఉన్నాయి. నాన్న మంచం సగం తడిసిపోయింది. ఆయన అరుగు మీద కుర్చీలో పడుకున్నారు.

ఆ తర్వాతి జీతానికి పెంకులు మార్పించాను. కానీ వాన ముందు వేయాల్సిన కప్పు అది.

అన్నం వార్చేది ఒక్కడే అయితే

కార్డు పెట్టినా ఎందుకు మారలేదో తర్వాత నేర్చుకున్నాను. ఇది ఫ్లైట్ సిమ్ ఆడే ప్రతి ఒక్కరూ మొదట తెలుసుకోవాల్సిన విషయం.

పెళ్లి భోజనాలు ఊహించుకోండి. వడ్డించేవాళ్లు ఇరవై మంది ఉన్నారు. కానీ పొయ్యి దగ్గర అన్నం వార్చేది ఒక్కడే. పంక్తి ఆగిపోతోందని వడ్డించేవాళ్లని నలభై మందిని చేస్తే లాభమేంటి? వాళ్లంతా ఖాళీ గిన్నెలు పట్టుకుని వంటాయన చుట్టూ నిలబడతారు.

గ్రాఫిక్స్ కార్డు వడ్డించే బృందం. వంటాయన ప్రాసెసర్లోని ఒక్క కోర్ మీద నడిచే మెయిన్ థ్రెడ్. గాలి రెక్కల మీద ఎలా తగులుతోంది, ఇంజిన్ ఏం చేస్తోంది, కాక్‌పిట్ తెరల మీద ఏం చూపాలి, ఎయిర్‌పోర్టులో మిగతా విమానాలు ఎటు పోతున్నాయి లాంటి పనుల్లో చాలా భాగం అతని మీదే పడుతుంది. పెద్ద ఎయిర్‌పోర్టు, పెద్ద విమానం అయితే అతనికి ఊపిరి ఆడదు. కోనసీమ పొలాల మీద చిన్న సెస్నా అయితే హాయిగా ఉంటాడు. అందుకే మా ఊరి మీద నా పాత పీసీయే బాగా నడిచింది, శంషాబాద్‌లో చచ్చింది.

ఇది కనుక్కోవడానికి పైసా ఖర్చు లేదు. సిమ్యులేటర్ సెట్టింగుల్లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ చూపించమంటే చాలు. 'లిమిటెడ్ బై మెయిన్ థ్రెడ్' అని వస్తే వంటాయనది సమస్య. 'లిమిటెడ్ బై జీపీయూ' అని వస్తే వడ్డనది. ఆ ఒక్క లైను 2021లో చదివి ఉంటే నాన్న మంచం తడిసేది కాదు.

మెయిన్ థ్రెడ్ అని వస్తే కొనడానికి ముందు ఇంకో పని చేయండి. టెర్రైన్ ఎల్ఓడీ తగ్గించండి, విమానాల ట్రాఫిక్, కింద వాహనాల ట్రాఫిక్ తగ్గించండి. నాకు దీనితోనే ఐదు ఫ్రేములు వచ్చాయి, ఉచితంగా. ఇంకో మాట. ఇది తుపాకుల గేమ్ కాదు. 144 ఫ్రేములు అక్కర్లేదు. ఊగిసలాడే 60 కంటే కదలని 30 నయం. విమానం నేలని తాకే ఆ రెండు సెకన్లలో బొమ్మ ఆగకుండా ఉంటే చాలు.

మూడో తప్పు: బోర్డుని అడక్కుండా ప్రాసెసర్ కొన్నాను

2024లో ఏఎండీ వాళ్లు రైజెన్ 7 5700ఎక్స్3డీ తెచ్చారు. నా రైజెన్ 5 2600లో ఎల్3 క్యాష్ 16 ఎంబీ. దీంట్లో 96 ఎంబీ. క్యాష్ అంటే వంటాయన చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్న సామాన్లు. అందకపోతే ప్రతిసారీ కొట్టుగదికి, అంటే ర్యామ్ దాకా, వెళ్లి రావాలి. ఫ్లైట్ సిమ్యులేటర్‌కి ఈ పెద్ద క్యాష్ బాగా కలిసొస్తుందని సిమ్మర్లందరికీ తెలిసిందే. పైగా 2017లో మొదటి రైజెన్లు వచ్చిన ఏఎం4 సాకెట్‌లోనే ఇదీ కూర్చుంటుంది. ఇరవై వేల పైచిలుకు పెట్టి తెప్పించేశాను.

సాకెట్‌లో పట్టడం వేరు, బోర్డు దాన్ని గుర్తుపట్టడం వేరు. 300 సిరీస్ బోర్డుల మీద రైజెన్ 5000 ప్రాసెసర్లు నడవడానికి ఏఎండీ 2022లో గానీ ఒప్పుకోలేదు. అదీ కొత్త బయోస్ వేస్తేనే. ఆ బయోస్ వేస్తుండగానే కొబ్బరి మట్ట పడింది.

తప్పు కరెంటుది కాదు. నా యూపీఎస్ బ్యాటరీకి ఐదేళ్లు. ఆ బ్యాటరీలు రెండు మూడేళ్లకే చేతులెత్తేస్తాయి. అది ఆరు నెలలుగా కూస్తూనే ఉంది. నేను హెడ్‌సెట్ పెట్టుకుని ఎగురుతూనే ఉన్నాను.

చచ్చిన బోర్డు సంచిలో వేసుకుని అమలాపురం వెళ్లాను. ఒక సందులో మొబైల్ రిపేరు షాపు. ఫోన్ బోర్డుల మీద చిప్పులు మార్చే అన్న ఒకాయన ఉన్నాడని ఫ్రెండ్ చెప్పాడు.

"బయోస్ మధ్యలో పోయిందా తమ్ముడూ? ఆయ్, కూర్చోండి" అన్నాడు, బోర్డుని లైటు కింద తిప్పి చూస్తూ.

ఆయన దగ్గర సీహెచ్341ఏ అనే చిన్న ప్రోగ్రామర్ ఉంది. బయోస్ చిప్ కాళ్లకి క్లిప్ పట్టించి, ల్యాప్‌టాప్ నుంచి నేరుగా చిప్‌లోకి బయోస్ ఎక్కిస్తాడు. క్లిప్ పెట్టేముందు భూతద్దంతో చిప్ మీద నంబరు చదివి, ఫోన్‌లో వెతికి, మధ్యలో ఇంకో చిన్న అడాప్టర్ తగిలించాడు.

"ఇది 1.8 వోల్టుల చిప్పండి. సరాసరి పెడితే 3.3 పోతుంది. మాడిపోద్ది" అన్నాడు.

ఇరవై నిమిషాలు. బోర్డు లేచింది. మూడొందలు తీసుకున్నాడు. నేను ఆనందంగా సంచి తీస్తుంటే ఆపాడు.

"ఏం ప్రాసెసర్ పెడతారండీ దీని మీద?"

చెప్పాను. సాకెట్ పక్కనే వరుసగా ఉన్న చిన్న నల్ల గడుల మీద వేలు పెట్టాడు. "ఇవి చూశారా? ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చేవి. వీఆర్ఎం అంటారు. పైన హీట్‌సింక్ లేదు, బోడిగా ఉన్నాయి. మీ పాతది 65 వాట్లది. ఇది 105. మే నెలలో, మన ఉక్కలో, తలుపులేసుకుని మూడు గంటలు ఆడతారు. ఇవి వేడెక్కితే ప్రాసెసర్ నడక తగ్గించేస్తది. అప్పుడు మళ్లీ ఆగి ఆగి వస్తాంది అంటారు. ఇరవై వేలది కొని ఇక్కడ పీక నొక్కడం దేనికండీ?"

ఐదేళ్ల క్రితం నేను రెండున్నర వేలు మిగిల్చింది సరిగ్గా ఆ నల్ల గడుల దగ్గరే.

బీ550 బోర్డు తీసుకున్నాను, పది వేల లోపు. పాత బోర్డు, పాత ప్రాసెసర్ కలిపి చెల్లికి ఇంకో పీసీ అయ్యాయి. శంషాబాద్‌లో ఏటీఆర్ 72 దించేటప్పుడు ఇప్పుడు 38కి తగ్గదు. 52 వేల కార్డు మూడేళ్ల తర్వాత మొదటిసారి నిజంగా పని చేస్తోంది.

ఇప్పుడు కొనాల్సి వస్తే నేను చూసేవి

ఒకటి, సాకెట్ భవిష్యత్తు. బోర్డు ఇవాళ్టి ప్రాసెసర్ కోసం కాదు, నాలుగేళ్ల తర్వాత పెట్టబోయే దాని కోసం కొంటాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇప్పుడు ఏఎం5 నయం. దాన్ని 2027, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. ఇప్పటికే ఏఎం4 ఉన్నవాళ్లు బోర్డు మార్చే ముందు తయారీదారు సైట్‌లో మీ మోడల్ సపోర్ట్ లిస్ట్ చూడండి. మోడల్ పేరు ఒకటే అయినా రివిజన్ నంబరు తేడా ఉండొచ్చు. అది బోర్డు మీదే అచ్చు వేసి ఉంటుంది.

రెండు, వీఆర్ఎం మీద హీట్‌సింక్. ఫొటోలోనే కనిపిస్తుంది. ఎల్ఈడీ లైట్లకి పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

మూడు, స్లాట్లు. ర్యామ్‌కి నాలుగు ఉంటే మంచిది. 2020 వెర్షన్‌కి 16 జీబీ రికమెండ్ చేశారు. 2024 నవంబరులో వచ్చిన కొత్త వెర్షన్‌కి 16 కనీసం, 32 రికమెండెడ్. ఎం.2 స్లాట్లు రెండు ఉంటే ఆటకో ఎస్ఎస్‌డీ విడిగా పెట్టుకోవచ్చు.

నాలుగు, బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. అది ఉంటే ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించొచ్చు. చాలా బీ550 బోర్డుల్లో ఉంది. ఇది నాకు అప్పుడు ఉండి ఉంటే అమలాపురం బస్సు ఎక్కేవాణ్ని కాదు.

ఐదు, యూఎస్‌బీ. జాయ్‌స్టిక్, థ్రాటిల్, పెడల్స్ అన్నీ ఒకే మామూలు హబ్‌కి తగిలిస్తే సరిగ్గా దిగే ముందు ఏదో ఒకటి ఊడిపోతుంది. సొంత అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోండి.

ఆరోది ఏ స్పెసిఫికేషన్ షీట్‌లోనూ ఉండదు. అది మన ఊరు. మా ఇంట్లో క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లకి జివ్వుమనేది. త్రీ పిన్ సాకెట్ ఉంది గానీ మూడో పిన్ వెనక తీగే లేదు. పాత ఇళ్లలో చాలా చోట్ల ఇంతే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గొయ్యి తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగ్ పెట్టించాను. సముద్రపు గాలి, తేమ ఉన్న చోట దుమ్ము కూడా తడిగా అంటుకుంటుంది. రెండు నెలలకోసారి విప్పి బ్రష్‌తో దులపాలి. పవర్ సప్లై వెనక కన్నాలకి సన్న జాలీ కట్టండి. లోపల బల్లి దూరిందంటే దానికీ మీకూ ఆఖరి రోజే. యూపీఎస్ 600 వీఏ అంటే చాలా వాటిలో 360 వాట్లే. నేను 1000 వీఏది తీసుకున్నాను. బ్యాటరీ కొన్న తేదీ స్కెచ్ పెన్‌తో దాని మీదే రాశాను.

ఇంటర్నెట్ సంగతి కూడా మర్చిపోకండి. 2024 వెర్షన్‌కి కనీసం 10 ఎంబీపీఎస్ కావాలి, 50 ఉంటే మంచిదన్నారు. 2022 మే నెలలో అమలాపురం గొడవల తర్వాత కొన్ని రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. మాలాంటి వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి అవతలికి పోయాం. ఆ రాత్రుల్లో సిమ్యులేటర్ తెరిస్తే మా ఊరు ఉండాల్సిన చోట పేరులేని పచ్చటి నేల. బోర్డు ఎంత మంచిదైనా, ఊరు మాత్రం తీగలోంచే రావాలి.

దింపు

కొత్త బోర్డు బిగించిన ఆదివారం సాయంత్రం నాన్న వచ్చి వెనక నిలబడ్డారు. ఐదేళ్లలో ఎప్పుడూ అలా నిలబడలేదు.

"చూపించు, ఏం కొన్నావో."

మధురపూడి నుంచి సెస్నా లేపాను. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ధవళేశ్వరం దాటేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత నాకంటే ముందే ఆయన చెప్పడం మొదలుపెట్టారు. "అదుగో గన్నవరం అక్విడెక్టు... ఆ కాలవ వెంబడే పో... కొంచెం కుడికి." నా దగ్గర జీపీఎస్ ఉంది. అయినా ఆయన చెప్పినట్టే తిప్పాను.

మా తోట మీద రెండు చుట్లు కొట్టాను. ఆయన స్క్రీన్‌కి మొహం దగ్గరగా పెట్టారు.

"ఇది పాత ఫొటోరా. ఆ మూల పశువుల పాక ఉంది చూడు. తీసేసి ఎన్నేళ్లయింది!"

మూడో చుట్టులో అడిగారు. "ఇది అమ్మి ఉంటే ఎన్ని గంటలు ఎగిరేవాడివి?"

ఆ ప్రశ్నకి జవాబు పదేళ్లుగా నా దగ్గర ఉంది. "రెండొందల గంటలు నాన్నా. లైసెన్స్‌కి అంతే కావాలి."

"రెండొందల గంటలేనా!" అన్నారు. వెటకారంగా కాదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆయన లెక్కలో చెట్టంటే అరవై ఏళ్ల కాపు. నా లెక్కలో రెండొందల గంటలంటే జీవితం. ఇద్దరి లెక్కలూ తప్పు కాదు, అంతే.

కాసేపాగి నేనే అన్నాను. "ఆ కార్డు పదిహేను వేలు కాదు నాన్నా."

"యాభై రెండు" అన్నారు, కళ్లు తోట మీంచి తీయకుండా. "బిల్లు పెట్టెలోనే ఉంది. దింపు లెక్కల పుస్తకంలో పెట్టాను. గ్యారంటీకి పనికొస్తది కదా."

ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆ వాన రాత్రి టార్పాలిన్ కప్పినప్పుడే ఆయనకి ధర తెలుసు.

అప్పుడే కరెంటు పోయింది. గదంతా చీకటి, యూపీఎస్ కూత, స్క్రీన్ మాత్రం వెలుగుతోంది. నాన్న కుర్చీలోంచి సగం లేచారు.

"దింపు, దింపు!"

కోనసీమలో దింపు అంటే కొబ్బరికాయలు దింపడం. ఆ మాట ఒక విమానానికి చెప్పడం ఆయనకి అదే మొదటిసారి.

"పావుగంట వస్తుంది నాన్నా, కంగారు లేదు."

"దింపమంటున్నానా!"

దగ్గర్లో రన్‌వే లేదు. 216 హైవే కనిపిస్తోంది, చించినాడ వంతెన వైపు తిన్నగా పోతూ. ఫ్లాప్స్ దించాను, ఇంజిన్ తగ్గించాను. రెండు సెకన్లు బొమ్మ ఎక్కడా ఆగలేదు. చక్రాలు రోడ్డుని తాకి, కొంచెం ఎగిరి, మళ్లీ తాకి, ఆగాయి.

నాన్న నెమ్మదిగా వెనక్కి వాలారు.

"బాగానే దింపావు. కాయ పగల్లేదు."